కొండ ఎక్కే జీపుకు ఏ ఇంజను?

పోయిన వేసవి సెలవుల్లో పాడేరు దగ్గరి ఒక పల్లె నుంచి నా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఇరవై ఏళ్ళ క్రితం నా దగ్గర పదో తరగతి చదివినవాడు. ఇప్పుడు అతనికి కాస్త కాఫీ తోట ఉంది, చెట్లకు మిరియాల తీగలున్నాయి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

“మాస్టారూ, మా నాన్న జీపు ఇంజను పోయింది. బ్లాకు పగిలిందన్నాడు మేస్త్రీ. వేరేది వేయించాలి. మూడు రకాలు చూసి వచ్చాను. ఏది మంచిదో మీరు చెప్పాలి” అన్నాడు.

“నేను సైన్సు చెప్పుకునేవాణ్ణి, మెకానిక్కును కాను కదా నాయనా” అన్నాను.

“మెకానిక్కులు ముగ్గురు మూడు మాటలు చెప్పారండి. అందుకే మీ దగ్గరకు వచ్చాను.”

ఇది సరదా కోసం అడిగిన ప్రశ్న కాదు. తారు రోడ్డు నుంచి వాళ్ళ ఊరికి మూడు కిలోమీటర్ల మట్టిబాట. వానాకాలంలో ఆ బాట ఎక్కేది ఆ జీపు ఒక్కటే. అది మూలపడితే కాఫీ బస్తాలు కావడి మీద, జబ్బుమనిషి డోలీలో కిందికి రావాలి. అతని దగ్గర ఉన్నది ఒక ఏడాది పంట అమ్మిన డబ్బు. తప్పు ఇంజను కొంటే మరో పంట దాకా ఆగాల్సిందే.

కాగితం విప్పాను. మొదటిది, ఇప్పుడున్న రకం పెట్రోలు ఇంజనే మరొకటి తెచ్చి బాగుచేయించడం. దాని శక్తి 75 అశ్వసామర్థ్యం. రెండోది 2,523 సి.సి. డీజిలు ఇంజను, 63 అశ్వసామర్థ్యం. మూడోది 2,498 సి.సి. కొత్తరకం డీజిలు ఇంజను, 105 అశ్వసామర్థ్యం. ఈ రెండు డీజిలు ఇంజన్లూ 2010లో మహీంద్రా వారు విడుదల చేసిన థార్ జీపులో వచ్చినవే. మావాడి మనసు మూడోదాని మీద ఉంది. 105 అన్న అంకె చుట్టూ ఎర్ర కలంతో సున్నా చుట్టి ఉంది!

పిల్లలూ, మీరైతే దేన్ని ఎంచుకుంటారు? కాసేపు ఆలోచించండి. ఈలోగా ఆ జీపు సంగతి కొంచెం చెబుతాను.

అది సి.జె.-3బి అనే రకం. అమెరికాలో విల్లీస్ సంస్థ 1953లో మొదలుపెట్టిన నమూనా. మన దేశంలో మహీంద్రా వారు లైసెన్సు తీసుకుని చాలా ఏళ్ళు తయారుచేశారు. దాని ముందు మూత మిగతా జీపుల కంటే ఎత్తుగా, నుదురు పెద్దదైన మనిషిలా కనిపిస్తుంది. దానికి కారణం లోపలి ఇంజనే. అంతకు ముందు జీపుల్లో రెండు కవాటాలూ సిలిండరు పక్కన బ్లాకులో ఉండేవి. ఈ ఇంజనులో గాలి, పెట్రోలు లోపలికి వచ్చే కవాటాన్ని సిలిండరు నెత్తి మీదికి మార్చారు. గాలి సులువుగా లోపలికి వెళ్ళింది, శక్తి పెరిగింది, కాని ఇంజను పొడుగైపోయింది. అందుకని మూతను పైకి లేపారు. ఇంజను మార్చితే బండి ఆకారమే మారవలసి వచ్చిందన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

ఇక అంకెల సంగతి. 75 అశ్వసామర్థ్యం అంటే ఆ ఇంజను ఎప్పుడూ 75 గుర్రాల పని చేస్తుందని కాదు. అది నిమిషానికి 4,000 చుట్లు తిరిగినప్పుడు మాత్రమే అంత శక్తి ఇస్తుంది. జారే మట్టిబాట మీద కొండ ఎక్కుతూ ఎవరైనా ఇంజనును 4,000 చుట్లు తిప్పుతారా? వెయ్యికీ రెండు వేలకూ మధ్య తిప్పుతారు. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న, “ఆ నెమ్మది వేగంలో ఇంజను ఎంత గట్టిగా తిప్పగలదు?” అని.

తిప్పే గట్టిదనాన్ని టార్క్ అంటాం. బిగిసిపోయిన నట్టును విప్పేటప్పుడు పానా చివర పట్టుకుంటారు కదా! మీ చేతి బలాన్ని పానా పొడవుతో గుణిస్తే వచ్చేదే టార్క్. ఒక మీటరు పొడవున్న పానా చివర ఒక న్యూటన్ బలం వేస్తే ఒక న్యూటన్-మీటరు. టార్క్‌ను తిరిగే వేగంతో గుణిస్తే శక్తి వస్తుంది. అంటే అశ్వసామర్థ్యం అన్నది ‘ఎంత గట్టిగా’, ‘ఎంత వేగంగా’ అనే రెండింటి లబ్ధం. ఆ ఒక్క అంకె చూసి రెండింటిలో ఏది ఎక్కువో చెప్పలేం.

పాత పెట్రోలు ఇంజను అత్యధిక టార్క్ సుమారు 155 న్యూటన్-మీటర్లు, అదీ 2,000 చుట్ల దగ్గర. 63 అశ్వసామర్థ్యం డీజిలు ఇంజనుది 182.5 న్యూటన్-మీటర్లు, 1,500కూ 1,800కూ మధ్యనే! నిమిషానికి 1,800 చుట్ల దగ్గర శక్తి లెక్కకడితే డీజిలు ఇంజను సుమారు 46 అశ్వసామర్థ్యం ఇస్తుంది. అదే వేగంలో పెట్రోలు ఇంజను 39కి మించి ఇవ్వలేదు. కాగితం మీద 63, 75 కంటే చిన్నది. కొండ మీద మాత్రం 63 గెలిచింది.

“మరి 105 దాని టార్క్ 247 కదండీ. అదే అన్నిటికంటే గట్టిది” అన్నాడు మావాడు. తెలివైనవాడే. నిజమే, 1,800 నుంచి 2,000 చుట్ల మధ్య దాని టార్క్ 247 న్యూటన్-మీటర్లు. దానికి జవాబు చెప్పాలంటే ముందు వాళ్ళ ఊరి బాటను కొలవాలి. ఎక్కువ ఏటవాలు ఉన్నచోట నాలుగు మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు ఎక్కుతామట. పలక ఉంటే మీరూ లెక్కవేయండి.

బస్తాలతో, మనుషులతో జీపు బరువు 1,500 కిలోగ్రాములనుకుందాం. దానిని భూమి కిందికి లాగే బలం 1,500 × 9.8, అంటే 14,700 న్యూటన్లు. ఏటవాలులో దానిలో నాలుగో వంతు జీపును వెనక్కి లాగుతుంది: 3,675 న్యూటన్లు. మెత్తటి మట్టిలో చక్రం దిగబడుతూ దొర్లడానికి ఇంకో పదో వంతు వేసుకుందాం: 1,470. మొత్తం 5,145 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం సుమారు 0.35 మీటరు. కనుక చక్రాల దగ్గర కావలసిన టార్క్ 5,145 × 0.35, సుమారు 1,800 న్యూటన్-మీటర్లు.

155 ఎక్కడ, 1,800 ఎక్కడ! ఈ తేడాను భర్తీచేసేది గేర్లు. ఈ జీపులో మొదటి గేరు నిష్పత్తి 2.798. ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తి 5.38. రెండూ గుణిస్తే 15.05. అంటే ఇంజను పదిహేను చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది, బదులుగా టార్క్ పదిహేను రెట్లవుతుంది. రాపిడిలో పోయేది నూటికి 15 వంతులు తీసేస్తే 12.8 రెట్లు మిగులుతుంది. 1,800ను దానితో భాగిస్తే ఇంజను ఇవ్వవలసింది 141 న్యూటన్-మీటర్లు. పెట్రోలు ఇంజను అత్యధికం 155. బొటాబొటీగా సరిపోయింది. కాని కాలు కాస్త జారి ఇంజను వేగం పడిపోతే టార్క్ కూడా పడిపోతుంది, ఇంజను ఆగిపోతుంది.

అయితే ఆ జీపులో పెద్ద గేరు కర్ర పక్కన రెండు చిన్న కర్రలున్నాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా శక్తిని పంపుతుంది. రెండోది ‘లో’ గేరు. దాని నిష్పత్తి 2.46. అది వేస్తే మొత్తం నిష్పత్తి 37 అవుతుంది. నష్టం తీసేస్తే 31.5 రెట్లు. ఇప్పుడు ఇంజను ఇవ్వవలసింది 57 న్యూటన్-మీటర్లే! వెయ్యి చుట్ల దగ్గర జీపు గంటకు 3.6 కిలోమీటర్ల వేగంతో, మనిషి నడక కంటే మెల్లగా, తాపీగా ఎక్కిపోతుంది. గేరు శక్తిని సృష్టించదు సుమా. వేగాన్ని వదులుకుని టార్క్‌ను తెచ్చుకుంటుంది, అంతే.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ‘లో’ గేరులో పాత పెట్రోలు ఇంజను పూర్తి బలంతో తిప్పితే చక్రాలు నేలను ఎంత బలంతో తోస్తాయి? 155 × 31.5 ÷ 0.35. సుమారు 13,950 న్యూటన్లు. దాదాపు జీపు బరువంత. 247 న్యూటన్-మీటర్ల ఇంజనైతే 22,000 దాటుతుంది. జీపు బరువుకు ఒకటిన్నర రెట్లు. అంత బలంతో జీపు గోడ ఎక్కాలి కదా?

ఎక్కదు. నేల ఒప్పుకోదు. తడి మట్టికీ టైరుకూ మధ్య ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, నాలుగు చక్రాలూ కలిసి నేలను పట్టుకోగల బలం 14,700 × 0.4, అంటే 5,880 న్యూటన్లు. అంతకు మించితే చక్రం జారి ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. మనకు కావలసింది 5,145, నేల ఇచ్చేది 5,880. వెనక చక్రాలు మాత్రమే తిరిగితే బరువులో కొంత భాగమే వాటి మీద ఉంటుంది, పట్టు చాలదు. అందుకే నాలుగు చక్రాలూ తిరగాలి. ముదిరిన ఇంజను కంటే ముదరని టైర్లు ఎక్కువ పనిచేస్తాయని నేను అంటే మావాడు నవ్వాడు. అతని జీపు టైర్లు బోడిగుండులా ఉన్నాయట.

మిగిలిపోయిన బలం ఊరికే పోదు. చక్రం జారుతూ జారుతూ హఠాత్తుగా ఒక రాయిని పట్టుకుందనుకోండి, ఆ దెబ్బంతా ఇరుసు మీద, గేరు పళ్ళ మీద పడుతుంది. 155 న్యూటన్-మీటర్ల కోసం చేసిన పళ్ళకు 247 అప్పగిస్తే ఏదో ఒక వర్షం రోజు, సరిగ్గా మధ్య దారిలో విరుగుతాయి. ఇంజను ఒక్కటే మార్చాననుకుంటాం గాని, క్లచ్చి నుంచి చక్రం దాకా ఉన్న గొలుసులో బలహీనమైన కొక్కెం ఏదో చూసుకోవాలి.

అమెరికాలో ఇలా ఇంజన్లు మార్చడం ఒక పెద్ద వ్యసనం. జీపుల్లో ఎనిమిది సిలిండర్ల కారు ఇంజన్లు దూర్చేవారు అక్కడ లెక్కలేనంతమంది. అక్కడి కథ ఒకటి చెప్పాలి. 1965లో జీపు తయారుచేసే కైజర్ సంస్థ తన చిన్న జీపుల్లో బ్యూక్ వారి ‘వి’ ఆకారపు ఆరు సిలిండర్ల ఇంజను పెట్టింది. పరిమాణం 225 ఘనపు అంగుళాలు, శక్తి 160 అశ్వసామర్థ్యం. పాత నాలుగు సిలిండర్ల దానికి రెట్టింపు పైమాటే. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటే ఇంజను పొడవుగా ఉంటుంది, జీపు ముక్కులో పట్టించడం కష్టం. మూడేసి చొప్పున ‘వి’ అక్షరంలా నిలబెడితే పొట్టిగా ఉండి ఇముడుతుంది. ఆ ఇంజను ఇక తనకు అవసరం లేదనుకున్న జనరల్ మోటార్స్, దాన్ని తయారుచేసే యంత్రాలను 1967లో కైజర్‌కు అమ్మేసింది. 1970లో జీపు వ్యాపారం అమెరికన్ మోటార్స్ చేతికి వెళ్ళింది, కొద్దికాలానికే వాళ్ళు ఆ ఇంజను వాడటం మానేశారు. 1973లో చమురు ధరలు మండిపోయాయి. తక్కువ పెట్రోలు తాగే ఇంజను కావలసివచ్చి జనరల్ మోటార్స్ 1974లో తను అమ్మిన యంత్రాలనే మళ్ళీ కొనుక్కుంది! ఆ వంశపు ఇంజన్లు 2000 తరువాత కూడా కార్లలో తిరిగాయి.

మళ్ళీ మన పాడేరు కొండకు వద్దాం.

“అయితే పెట్రోలు ఇంజనే బాగుచేయించమంటారా?” అన్నాడు. లెక్క ప్రకారం అది చాలు. కాని దాని సామాను ఇప్పుడు వెతికి వెతికి తెచ్చుకోవాలి. ఇంకో ఇబ్బంది, వాళ్ళ బాటలో రెండు గెడ్డలు దాటాలి. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని విద్యుత్ నిప్పురవ్వ అంటిస్తుంది. నీళ్ళు ఎగిరి ఆ తీగల మీద పడితే రవ్వ పోతుంది, బండి గెడ్డ మధ్య నిలబడిపోతుంది. డీజిలు ఇంజనులో రవ్వే లేదు. సైకిలు పంపు కొడితే కింది భాగం వేడెక్కుతుంది కదా! అలాగే గాలిని ఇరవై రెట్ల వరకు నొక్కితే అది మండేంత వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. అంత నొక్కుడు వల్లనే ఇంధనంలోని వేడిలో ఎక్కువ భాగం పనిగా మారుతుంది, లీటరుకు ఎక్కువ దూరం వస్తుంది. అంత నొక్కుడును తట్టుకోవాలి కనుకనే ఇంజను బరువుగా ఉంటుంది, వణుకుతుంది కూడా.

105 రకంలో డీజిలు ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు పెట్టె నిర్ణయిస్తుంది. మంచి ఏర్పాటే. ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చిన బండిలో చక్కగా పనిచేస్తుంది. కాని పాత జీపులోకి మార్చాలంటే ఆ పెట్టె, దాని తీగల కట్ట, సూచికలు అన్నీ తెగకుండా తేవాలి. ఒక్క తీగ తెగితే సరిచేసే సాధనం వాళ్ళ ఊరికి దగ్గరలో ఉండదు. 2,523 సి.సి. వంశంలోని పాత ఇంజన్లలో ఇంధనం పంపు వట్టి యంత్రమే. పానాతో, కంటిచూపుతో బాగుచేసే మేస్త్రీలు మండల కేంద్రంలో కూడా దొరుకుతారు. పైగా ఆ వంశపు ఇంజన్లతో వేలాది జీపులు తిరిగాయి కనుక సామానుకు కొదవలేదు. నా ఓటు దానికే వేశాను. మావాడు ఎర్ర సున్నా వైపు ఒకసారి చూసి, కాగితం మడిచాడు.

అంతటితో పని కాలేదు. ఇంజను ధర చూసి జేబు తడుముకోకూడదు. ఉన్న డబ్బులో సగమే ఇంజనుకు పెట్టమన్నాను. ఇంజనునూ గేరు పెట్టెనూ కలిపే పలక, ఇంజనును మోసే రబ్బరు దిమ్మలు, క్లచ్చి, పెద్ద రేడియేటరు, పొగగొట్టం, డీజిలు ఇంజనును తిప్పగల పెద్ద బ్యాటరీ, ముందు కమానులకు అదనపు పట్టీ, వీటన్నిటికీ మిగతా సగం చాలితే అదృష్టమే. ఆ పలకను లేతు మీద తిప్పించేటప్పుడు ఇంజను నడిమి గీత, గేరు పెట్టె నడిమి గీత ఒకటి కావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బేరింగు తినేస్తుంది. రేడియేటరు సంగతి చాలామంది మరచిపోతారు. గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఉండదు. ఇంజను కష్టపడేది అప్పుడే, చల్లబరచడానికి ఫ్యాను తప్ప దిక్కులేనిదీ అప్పుడే.

ఇంకో సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి యజమాని ఇష్టం వచ్చినట్లు ఇంజను మార్చడానికి వీల్లేదు. ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి, అనుమతి చేతికి వచ్చాకే డబ్బు ఖర్చుపెట్టమని చెప్పాను. కొన్న ఇంజను నంబరు, కాగితాల్లోని నంబరు ఒకటేనా అని చూసుకోవాలి. దొంగ బండి నుంచి వచ్చిన ఇంజను ఎంత చవకైనా వద్దు.

విశాఖ ఆటోనగర్‌కు ఇద్దరం కలిసి వెళ్ళాం. వాడిన ఇంజనును పరీక్షించడం వైద్యుడు నాడి చూడటం లాంటిది. ఒక దుకాణంలో మేం వెళ్ళేసరికే ఇంజను నడుస్తూ, వేడిగా ఉంది. “మీరు వస్తారని ముందే స్టార్టు చేశామండి” అన్నారు. నాకది నచ్చలేదు. చల్లగా ఉన్న ఇంజను ఎంత సులువుగా అంటుకుంటుందో చూడాలి కదా! గంటసేపు టీ తాగి, చల్లారాక తిప్పమన్నాం. ఎంతకీ అంటుకోలేదు. చివరికి అంటుకుని నీలి పొగ వదిలింది. నీలి పొగ అంటే పిస్టను చుట్టూ ఉన్న రింగులు అరిగి ఇంజను ఆయిలు పైకి వచ్చి మండుతోందన్నమాట. నల్ల పొగ అంటే డీజిలుకు తగిన గాలి అందడం లేదు. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిలు మండకుండా పోతోంది, లేదా నీరు సిలిండరులోకి దిగుతోంది. ఆయిలు మూత తీసి చూస్తే లోపల మజ్జిగలా ఉంటే నీరు, ఆయిలు కలిశాయని అర్థం. ఆ మూత తీసినప్పుడు భుసభుస పొగ తన్నినా రింగుల రోగమే.

మూడో దుకాణంలో దొరికింది మంచి ఇంజను. చల్లగా ఉండగానే రెండో తిప్పుకు అంటుకుంది. మేస్త్రీ ఒక్కొక్క సిలిండరుకూ పీడన మాపకం బిగించి చూశాడు. నాలుగింటిలోనూ ముల్లు దాదాపు ఒకే చోటికి వచ్చింది. ఎంత ఎక్కువ వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, నాలుగూ సమానంగా రావడం అంత ముఖ్యం. అరగంట నడిపి వేడెక్కాక కూడా ఆయిలు పీడనం పడిపోలేదు. మావాడు బేరం ఆడటంలో నాకంటే ఘటికుడని అప్పుడు తెలిసింది.

శ్రావణమాసంలో ఫోను చేశాడు. కొత్త టైర్లు కూడా వేయించాడట. బాట పూర్తిగా తడిసి ఉన్నా ‘లో’ గేరులో, యాక్సిలరేటరు తొక్కకుండానే ఎక్కిందట. ఆ వారమే పొరుగింటి బాలింతను, బిడ్డను ఆసుపత్రి నుంచి జీపులోనే ఊరికి చేర్చాడు. ఒకటే ఫిర్యాదు: “తారు రోడ్డు మీద అరవై దాటితే ఇంజను అరుస్తోందండీ.”

అరవదూ మరి! చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 455 చుట్లు తిరుగుతుంది. మూడో గేరులో గేరు పెట్టె నిష్పత్తి 1. ఇరుసు నిష్పత్తి 5.38తో గుణిస్తే ఇంజను దాదాపు 2,450 చుట్లు తిరుగుతోంది. 80 కిలోమీటర్ల దగ్గర 3,260 అవుతుంది, ఆ ఇంజను అత్యధిక శక్తి ఇచ్చేది 3,200 దగ్గరే. పాత పెట్రోలు ఇంజను 4,000 దాకా హాయిగా తిరిగేది కనుక వాళ్ళ నాన్నకు ఈ బాధ తెలియలేదు.

ఇరుసులో 4.27 నిష్పత్తి గల పళ్ళచక్రాలు వేయిస్తే అరుపు తగ్గుతుందా, అప్పుడు ‘లో’ గేరులో కొండ ఎక్కడానికి ఇంజను ఎన్ని న్యూటన్-మీటర్లు ఇవ్వాలి అని మావాడు అడిగాడు. ముందు చక్రాల ఇరుసులో కూడా మార్చాలా వద్దా అనీ అడిగాడు. లెక్క కట్టడానికి కావలసిన అంకెలన్నీ పైన ఉన్నాయి. ఈసారి జవాబు నేను చెప్పను. మీరు కట్టి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.